ఎవరి ప్రశ్న ముందు? పథకాల మూల్యాంకనంలో సంబంధీకుల వైఖరులను పట్టుకునే పద్ధతి

కనిగిరి వైపు ఒక పల్లెలో మంచినీటి పథకం ఎలా నడుస్తోందో చూడటానికి వెళ్లాం. చేతిలో 64 ప్రశ్నల ఫారం. ఇంట్లో కుళాయి ఉందా, ఎన్ని గంటలు నీళ్లొస్తాయి, ఎన్ని బిందెలు పడతారు, నీటి పన్ను కడుతున్నారా... ఇలా సాగుతుంది. వేపచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దామె ఓపిగ్గా అన్నింటికీ జవాబు చెప్పింది. నేను పెన్నుకు మూత పెట్టాక అడిగింది: "అన్నీ అడిగావు గానీ, ఈ నీళ్లకు పప్పు ఉడుకుతుందా లేదా అని అడగలేదేందబ్బయ్యా?"

ఉడకదట. అందుకని ఆ వీధిలో చాలా ఇళ్లు కుళాయి నీళ్లను స్నానానికి, గిన్నెలకు, గేదెలకు వాడుకుంటున్నాయి. వంటకు మాత్రం చేను గట్టున ఉన్న పాత బోరు నుంచి తెచ్చుకుంటున్నాయి. ఆ బోరు నీళ్లు పరీక్షకు పంపితే, ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ పరిమితి దాటి ఉంది. ఏ నీటిని మాన్పించడానికి పథకం వచ్చిందో ఆ నీళ్లతోనే అన్నం, పప్పు ఉడుకుతున్నాయి. మా ఫారం లెక్కలో మాత్రం ఆ ఊరికి మంచి మార్కులే పడేవి.

ఆ రాత్రి ఫారం ముందేసుకుని, ఒక్కో ప్రశ్న ఎవరి దగ్గర నుంచి వచ్చిందో పక్కన రాసుకుంటూ పోయాను. ఎక్కువ భాగం ఇంజినీర్ల నుంచి, మిగిలినవి నిధులిచ్చిన సంస్థ నుంచి, నాలుగైదు మా ఆఫీసు పాత ఫారాల నుంచి. నీళ్లు తాగేవాళ్ల నుంచి ఒక్కటీ లేదు. అప్పటి నుంచి నేను ఏ మూల్యాంకనమైనా ప్రశ్నలు రాయడంతో మొదలుపెట్టడం లేదు. ఎవరు ఏ మనసుతో ఉన్నారో తెలుసుకున్నాకే ప్రశ్నల దగ్గరికి వెళ్తున్నాను. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఎన్‌జీవోల్లో పనిచేసేవాళ్లకు, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ప్రాజెక్టులు చేసే పిల్లలకు, మండల స్థాయి సిబ్బందికి పనికొస్తుందని నా నమ్మకం.

మొదటి అడుగు: నీళ్ల వెంట నడవండి

సంబంధీకులు అంటే పథకంతో ఏదో ఒక సంబంధం ఉన్న ప్రతి ఒక్కరూ. వాళ్ల జాబితా ఆఫీసులో కూర్చుని రాస్తే కలెక్టరేట్ నుంచి సర్పంచ్ దాకా వచ్చి ఆగిపోతుంది. పథకం ఇచ్చే వస్తువు ఏదో దాని వెంట నడవండి. నీళ్లయితే ట్యాంకు దగ్గర మొదలుపెట్టి చివరి కుళాయి దాకా. దారిలో ఆ నీటిని ముట్టుకునే ప్రతి మనిషినీ రాసుకోండి. మోటారు వేసే మనిషి, వాల్వు తిప్పే మనిషి, ఆర్‌ఓ ప్లాంటు దగ్గర క్యాన్లు నింపే కుర్రాడు, అంగన్‌వాడీ ఆయమ్మ, మధ్యాహ్న భోజనం వండే ఆమె, పాడిగేదెలున్న ఇల్లు, ఆశా కార్యకర్త.

నెల్లూరు డెల్టాలో ఆయకట్టు చివరి రైతు సంగతి అందరికీ తెలుసు. కాలువ ఎంత నిండుగా పారినా అతని మడికి చేరే నీళ్లను బట్టే ఆ కాలువ బాగోగులు తెలుస్తాయి. కుళాయి లైనుకూ అంతే. చివరి ఇళ్లు చాలాసార్లు ఎస్సీ కాలనీలోనో, ఊరికి దూరంగా కట్టిన కొత్త ఇళ్లలోనో ఉంటాయి. జాబితాలో చివర రాసుకున్న వీళ్ల దగ్గరికి మొదటి రోజే వెళ్లండి. ఊరి పెద్దల మాట ముందు విన్నారంటే, తర్వాత ఎవరేం చెప్పినా ఆ మాటతోనే పోల్చుకుంటూ వింటారు.

ఊళ్లో లేనివాళ్లనూ మరిచిపోవద్దు. పడమటి ప్రకాశం నుంచి హైదరాబాద్, బెంగళూరు పనులకు పోయినవాళ్లు చాలామంది. ఇంటికి తాళం, గుమ్మం ముందు కుళాయి. లెక్కల్లో అదీ ఒక కనెక్షనే. ఆ ఇంటివాళ్లు సంక్రాంతికి వచ్చినప్పుడు కలవండి, లేదంటే ఫోన్లో మాట్లాడండి.

రెండో అడుగు: మూడు వైఖరులను విడివిడిగా వినండి

వైఖరి అంటే "పథకం బాగుందా, బాగాలేదా" అన్నది మాత్రమే కాదు. ఒకే మనిషిలో మూడు ఉంటాయి: పథకం మీద ఒకటి, మూల్యాంకనం మీద ఒకటి, తోటి సంబంధీకుల మీద ఒకటి. ఎక్కువమంది మొదటిదే అడిగి వచ్చేస్తారు. ప్రాధాన్యాలను లోలోపల తిప్పేది మాత్రం రెండోదీ మూడోదీ.

రెండోదాని బలం నాకు ఒక పంపు ఆపరేటర్ దగ్గర తెలిసింది. పంచాయతీ ఆఫీసులో అందరి ముందూ అడిగితే "అంతా బాగానే ఉంది సార్" అన్నాడు. లాగ్ రిజిస్టర్ తెచ్చి చూపించాడు. మూడు నెలల పేజీలు, ఒకే సిరా, ఒకే ఒత్తు, రోజూ ఉదయం 6 నుంచి 8. ఒక్కరోజు కూడా 6:10 లేదు. మర్నాడు తెల్లవారుజామున పంపు గదికి వెళ్లాను. స్టార్టర్ మీద చెయ్యి పెట్టి, వోల్టు మీటరు ముల్లు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. ముల్లు లేవడం లేదు. "ఇప్పుడు వేస్తే కాయిల్ కాలిపోద్ది సార్. కాలితే రీవైండింగ్ డబ్బులు నా నెత్తినే. వెయ్యకపోతే ఆడోళ్లు తిడతారు" అన్నాడు. మేం తనను తీసేయడానికి వచ్చామని అంతవరకూ అనుకున్నాడట.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద ఊరూరా సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చదివారు, కూలీలను అడిగారు, తప్పు తేలిన చోట డబ్బు తిరిగి కట్టించాలని రికవరీ రాశారు. అవి అవసరమైన తనిఖీలే. కానీ పుస్తకం పట్టుకుని వచ్చే ప్రతి మనిషినీ జనం ఆ కళ్లతోనే చూస్తారు. అందుకని మొదటి మాటగా తనిఖీకీ మూల్యాంకనానికీ తేడా చెప్పండి: తప్పు ఎవరిదో తేల్చడానికి రాలేదు, ఏది పనిచేస్తోంది, ఏది లేదు, ఎందుకు అన్నది చూడటానికి వచ్చాం. చెప్పినంత మాత్రాన నమ్మరు. రిపోర్టులో ఆపరేటర్ పేరు రాయం అని మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

నేను ప్రతి మనిషినీ ఈ మూడు ప్రశ్నలు తప్పక అడుగుతాను:

- ఈ పథకం బాగుందని మీరు ఏది చూసి అంటారు?
- బాగాలేదని తేలితే మీకేమవుతుంది?
- మేం చెప్పే జవాబును బట్టి మీరు ఏం మారుస్తారు?

మొదటి దాంట్లో ఆశ బయటపడుతుంది, రెండో దాంట్లో భయం. మూడో దానికి జవాబు లేకపోతే ఆ మనిషికి మన రిపోర్టు ఫైల్లో పెట్టుకోవడానికి మాత్రమే కావాలి. అది కూడా ఒక వైఖరే, రాసుకోండి.

చోటూ వేళా ముఖ్యం. సర్పంచ్ అరుగు మీద కాలనీ వాళ్లు మాట్లాడరు. అత్త పక్కన కోడలు మాట్లాడదు. పొగాకు బ్యారన్లు మండే రోజుల్లో ఆడవాళ్లకు పగలు తీరిక ఉండదు. కుళాయి దగ్గర బిందెల వరుసలో నిలబడి మాట్లాడితే గంటలో తెలిసేది, మీటింగ్ పెడితే రెండు రోజులకు కూడా తెలియదు.

మూడో అడుగు: మీ వైఖరి కూడా రాసుకోండి

నేను పెన్నా ఆయకట్టు పల్లెలో పెరిగాను. నీళ్లంటే కాలువలో పారేవి, చాలడమో చాలకపోవడమో తప్ప మంచీచెడూ అన్న ఆలోచన ఉండేది కాదు. అందుకే ఆ 64 ప్రశ్నల్లో "ఎంత" అన్నవి అన్ని ఉన్నా, "ఎలాంటి" అన్నవి లేవన్న సంగతి నా కంటికి ఆనలేదు. ఊళ్లోకి వెళ్లే ముందు మీ టీమ్‌లో ప్రతి ఒక్కరూ ఒక కాగితం మీద, పథకం గురించి తాము ముందే ఏమనుకుంటున్నారో అయిదు వాక్యాలు రాయాలి. పని ముగిశాక ఆ కాగితాలు తీసి చదవాలి.

నాలుగో అడుగు: మాటలను ప్రశ్నలుగా మార్చండి

ఇక్కడే ఎక్కువ నైపుణ్యం కావాలి. "పప్పు ఉడకదు" అన్న మాటను ఫిర్యాదుల ఖాతాలో వేసి వదిలేయవచ్చు. లేదా దాని కింద ఉన్న ప్రశ్నను తవ్వి తీయవచ్చు: ఏ పనికి ఏ నీళ్లు వాడుతున్నారు? ఆ ఒక్క ప్రశ్నతో పథకం మొత్తం స్వరూపం మారిపోయింది. తాగడానికి ప్లాంటు నీళ్లు, వంటకు బోరు నీళ్లు, మిగతా వాటికి కుళాయి నీళ్లు. ఫ్లోరైడ్ మరగబెడితే పోదు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన దాంట్లో చిక్కబడుతుంది, అన్నంలోకీ పప్పులోకీ చేరుతుంది. తాగే నీళ్లు ఒక్కటే అడిగి ఊరుకుంటే సగం దారి వదిలేసినట్టే.

ఆపరేటర్ భయం కింద ఉన్న ప్రశ్న: కరెంటు ఏ గంటల్లో సరిగ్గా ఉంటోంది, మోటారు కాలితే ఖర్చు ఎవరిది? కాలనీ వాళ్ల "మాకు ఆఖరున వస్తాయిలే" అన్న నిరాశ కింద ఉన్న ప్రశ్న: వాల్వు ఏ వీధికి ముందు తిప్పుతున్నారు, ఆ వరుస ఎవరు పెట్టారు? మోకాళ్లు వంగిపోయిన ఒక పెద్దాయన "మా కాళ్లు ఎటూ రావు, బిడ్డలకన్నా..." అని ఆపేశాడు. దాని కింద ఉన్న ప్రశ్న: బడిలో, అంగన్‌వాడీలో ఏ నీళ్లు తాగుతున్నారు? ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు పట్టిన జబ్బు, ఫ్లోరోసిస్, వెనక్కి పోదని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తన గురించి ఏమీ అడగకుండా మనవళ్ల వైపు వేలు చూపించాడు.

పై స్థాయి వాళ్ల మాటలనూ ఇలాగే విప్పాలి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు కనెక్షన్ల లెక్కే పట్టుకుని ఉంటే ఆయనకు పల్లె మీద ప్రేమ లేదని కాదు. ఆయన్ను ప్రతి వారం టెలికాన్ఫరెన్సులో అడిగేది ఆ లెక్కే. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అని కొలత పెట్టింది. పైన ఏది కొలిస్తే కింద అదే ప్రాధాన్యం అవుతుంది.

ఒక ఉదాహరణ దగ్గర ఆగుదాం: పళ్ల మీద గారలు

నిధులిచ్చినవాళ్లకు పిల్లల పళ్ల మీద గారలు తగ్గాయా అన్నది ముందు కావాలి. ఫొటోలో కనబడేది అదే, చదివేవాళ్ల మనసు కరిగించేదీ అదే. వాళ్ల ఆశ మంచిదే. కానీ పథకం వచ్చి రెండేళ్లకు ఆ ప్రశ్న వేస్తే జవాబు తప్పే వస్తుంది. పంటి పైపొర చిగురు లోపల ఉన్నప్పుడే తయారవుతుంది. జ్ఞానదంతాలు తప్ప మిగతా శాశ్వత దంతాలకు ఈ పని దాదాపు 8 ఏళ్ల వయసు దాకా సాగుతుంది. ముందు పళ్లు బయటికి వచ్చేది 6 నుంచి 8 ఏళ్ల మధ్య. అంటే ఈ రోజు కనిపించే గార, ఆ పిల్ల పసితనంలో తాగిన నీళ్ల గుర్తు. ఇప్పుడు ఎంత మంచి నీళ్లిచ్చినా అది పోదు.

ఈ ప్రశ్నను మొదట పెడితే "ప్రభావం లేదు" అని తేలి, మంచి పథకానికి నిధులు ఆగిపోయే ప్రమాదం ఉంది. నిధులిచ్చినవాళ్లతో ఇది విడమరిచి చెప్పాలి. ఇప్పటికిప్పుడు తేడా చూడాలంటే మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష ఉంది, ఈ మధ్య ఒంట్లోకి ఎంత వెళ్లిందో అది చెబుతుంది. పళ్ల ప్రశ్నను చెరిపేయకండి. ఇప్పుడు రెండు మూడేళ్లున్న పిల్లల జాబితా రాసి పెట్టి, వాళ్లకు ముందు పళ్లు వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. "వద్దు" అనడానికీ "అప్పుడు" అనడానికీ చాలా తేడా ఉంది. వాయిదాకు ఒప్పుకున్నవాళ్లు మిగతా ప్రశ్నలకూ సహకరిస్తారు.

అయిదో అడుగు: చింతగింజలతో ప్రాధాన్యం తేల్చడం

ప్రశ్నలు 15 దాకా వస్తాయి. అన్నిటికీ సమయం ఉండదు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో బొమ్మ గీయండి: బిందె, పప్పు గిన్నె, గడియారం, రూపాయి, పళ్లు, గేదె. చదువు రానివాళ్లకూ తెలిసేలా ఉండాలి. ఒక్కొక్కరికి 10 చింతగింజలు ఇచ్చి, ఏ బొమ్మ మీద ఎన్ని పెడతారో పెట్టమనండి. ఊరి ఆడవాళ్లు, కాలనీ ఆడవాళ్లు, కూలి పనికి పోయే మగవాళ్లు, పశువులున్నవాళ్లు, పంచాయతీ సిబ్బంది, ఇంజినీర్లు, నిధులిచ్చినవాళ్లు. ఎవరి గుంపు వాళ్లకు వేరుగా పెట్టండి. అధికారులకు గింజలివ్వడానికి మొహమాటపడకండి. తన 10 గింజల్లో 7 కనెక్షన్ల బొమ్మ మీద పెట్టి, కాసేపు చూసి, రెండు తీసి గడియారం మీద పెట్టిన ఇంజినీరు గారిని నేను చూశాను.

ఒక హెచ్చరిక. అన్ని గుంపుల గింజలనూ కలిపి కూడవద్దు. కూడితే పెద్ద గుంపు గెలుస్తుంది, 20 ఇళ్ల కాలనీ మాట కొట్టుకుపోతుంది. గుంపు గుంపుకు ఒక వరుస వేసి పక్కపక్కన చూడండి. అందరూ ఎక్కువ పెట్టినది తేలిగ్గా మొదటి వరుసలోకి వస్తుంది. ఒక గుంపు చాలా ఎక్కువ పెట్టి, మిగతావాళ్లు సున్నా పెట్టిన ప్రశ్న దగ్గర ఆగండి. అసలు కథ అక్కడ ఉంటుంది.

ట్రైనింగుల్లో ఒక నాలుగు గదుల బొమ్మ నేర్పుతారు: అధికారం ఎంత, ఆసక్తి ఎంత అని కొలిచి మనుషులను గదుల్లో వేయడం. పథకం నడపడానికి అది పనికొస్తుందేమో గానీ, మూల్యాంకనంలో ప్రాధాన్యాలు తేల్చడానికి నేను వాడను. పప్పు ప్రశ్న అడిగిన పెద్దామె అందులో "ఆసక్తి ఎక్కువ, అధికారం తక్కువ" గదిలో పడుతుంది. అక్కడ రాసి ఉండే సలహా, ఆమెకు సమాచారం ఇస్తూ ఉండమని. మా పనిలో సమాచారం ఇచ్చింది ఆమె.

గింజలయ్యాక మూడు జల్లెడలు పట్టండి. ఈ జవాబు వాడే మనిషి ఎవరో తెలుసా? అడగకపోతే ఎవరికైనా హాని ఉందా? ఉన్న రోజుల్లో నమ్మదగ్గ జవాబు దొరుకుతుందా? మొదటి జల్లెడ అమెరికన్ మూల్యాంకనకర్త మైకేల్ క్విన్ ప్యాటన్ 1970ల నుంచి గట్టిగా చెబుతున్నదే. అదే కాలంలో రాబర్ట్ స్టేక్ అనే మరో మూల్యాంకనకర్త, పథకం కాగితాల మీది లక్ష్యాల కన్నా అందులో ఉన్న మనుషుల ఆందోళనలకు మూల్యాంకనం స్పందించాలని వాదించాడు. ఇద్దరి మాటా కలిపి పట్టుకోవాలి. ప్యాటన్ మాట ఒక్కటే పట్టుకుంటే రిపోర్టు వాడగలిగేవాళ్ల వైపు, అంటే ఆఫీసుల వైపు ఒరిగిపోతాం.

ఓఈసీడీ (సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ) వాళ్ల ఆరు ప్రమాణాలు (సందర్భోచితత, పొందిక, లక్ష్యసాధన, సమర్థత, ప్రభావం, సుస్థిరత) చాలా సంస్థలు అడుగుతాయి. వాటిని చివర్లో, ఏదైనా మరిచామా అని చూసుకోవడానికి వాడండి. వాటితో మొదలుపెడితే ఊరి మాటకు చోటుండదు.

ఆరో అడుగు: గింజలకు వదలకూడనివి

కొన్నిటిని ఓటుకు పెట్టకూడదు. మా గింజల ఆటలో ఫ్లోరైడ్ పరీక్ష బొమ్మ మీద ఊరివాళ్లు దాదాపు ఏమీ పెట్టలేదు. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పైగా పప్పు ఉడకకపోవడానికి కారణం నీటిలోని గట్టిదనం, అంటే సున్నం లాంటి లవణాలు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లలో తరచు సున్నం శాతం తక్కువ. అందుకే అవి నోటికి తియ్యగా ఉంటాయి, పప్పు మెత్తగా ఉడుకుతుంది. ఏ గుణం చూసి ఆ తల్లులు బోరును నమ్మారో, ఆ గుణం ఫ్లోరైడ్ సంగతి చెప్పదు. వాళ్ల మాట మమ్మల్ని సరైన చోటికి తీసుకెళ్లింది. అక్కడ ఉన్నదేమిటో చెప్పాల్సింది ల్యాబ్. ఈ రెండిట్లో ఏది వదిలినా తప్పే.

భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, ఈ పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలోనే. అప్పటికి ఇవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఎద్దులు నడవలేకపోవడం రైతులు ముందే గమనించారు. ఇంత చరిత్ర ఉన్న చోట, ఎవరూ అడగలేదని నీటి పరీక్ష మానేయడం నా దృష్టిలో క్షమించరానిది.

ఏడో అడుగు: దారిలో ప్రాధాన్యం మారితే

నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అధికారులకు కావలసింది చదవడం, రాయడం, లెక్క వచ్చినవాళ్ల సంఖ్య. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు మాత్రం పాఠం చదివి సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో సారా అంగడి మూయించారు. 1992లో జిల్లా అంతటా సారా వేలం పాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో ఎవరైనా వాచకం పరీక్ష పేపరు మాత్రమే పట్టుకుని మూల్యాంకనానికి వచ్చి ఉంటే, ఆ జిల్లాలో జరిగిన అతి పెద్ద మార్పు వాళ్ల కాగితంలో ఉండేది కాదు.

కాబట్టి ప్రశ్నలు ఖాయం చేశాక కూడా సమయంలో అయిదో వంతు ఖాళీగా ఉంచుకోండి. సగం పని అయ్యాక ఒక సాయంత్రం టీమ్ కూర్చుని, "మనం అడగని దాని గురించి జనం ఎక్కువగా ఏం మాట్లాడుతున్నారు?" అన్న ఒక్క ప్రశ్న వేసుకోవాలి. అవే మాటలు రెండు మూడు గుంపుల్లో వినబడితే ప్రశ్నల్లో చేర్చండి. దేన్ని తగ్గించి చేర్చారో రాయండి.

ఎనిమిదో అడుగు: వదిలేసినవి దాచకండి

ఒకే ఒక పేజీ చాలు. తీసుకున్న ప్రశ్న, అడిగిన గుంపు, వాడే మనిషి. దాని కిందే వదిలేసిన ప్రశ్నలు, కారణంతో సహా. మా పేజీలో గేదెల తొట్టి ప్రశ్న వదిలేసిన వాటిలో ఉంది, ఎందుకంటే దానికి వేరే నిధి ఉంది. ఈ పేజీని గ్రామసభలో పైకి చదవండి. చదివినప్పుడు పాడి రైతు ఒకాయన లేచి గట్టిగానే అడిగాడు. ఏ నిధికి, ఎవరికి అర్జీ పెట్టాలో అక్కడే చెప్పగలిగాం.

రిపోర్టు తయారయ్యాక ఊరికి తిరిగి వెళ్లే ఖర్చు బడ్జెట్లో ముందే పెట్టించుకోండి. చివర్లో అడిగితే ఎవరూ ఇవ్వరు. మేం వెళ్లినప్పుడు వంట నీళ్ల పేజీ ముందు చదివాం, ఆ తర్వాతే కనెక్షన్లు. కుళాయి నీళ్లకూ పాత బోరు నీళ్లకూ ల్యాబ్ ఇచ్చిన అంకెలు బోర్డు మీద పక్కపక్కన రాశాం. ప్లాంటు నీళ్లు వంటకు కూడా సరిపోయేలా ఇంటికి ఎన్ని క్యాన్లు కావాలో ఆడవాళ్లే లెక్క కట్టి చెప్పారు. ఆపరేటర్ మీటింగ్ అయ్యేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అందరూ వెళ్లాక వచ్చి, వోల్టేజీ గురించి రాసిన పేజీ జిరాక్స్ ఒకటి ఇస్తారా సార్, కరెంటాఫీసులో చూపించాలి అని అడిగాడు.